మాడ్యూలు మార్చే ముందు మీటరు పెట్టండి: ఏడు సీట్ల బండిలో కరెంటు లోపాలను వెతికే పద్ధతి

మీరు చెప్పిన లక్షణాలను ముందు ఒకచోట పెడతాను, మిగతా చదువరులకు కూడా విషయం తెలియాలి కాబట్టి. మీది 2017 నాటి ఏడు సీట్ల డీజిల్ బండి, పాతదిగా కొన్నారు, రాజమహేంద్రవరంలో ఇంటి బయట నిలుపుతారు. నాలుగు రోజులు కదపకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. రాత్రి ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని వెళుతుంటే ఇండికేటరు కొట్టిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు వెలుగు తగ్గి పెరుగుతోంది. ఒక్కోసారి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు కలిసి వెలుగుతున్నాయి. వెనుక వైపరు, నంబరు ప్లేటు దీపం పనిచేయడం లేదు, వెనుక కెమెరా వచ్చిపోతోంది. వాన పడిన మర్నాడు తలుపుల లాకులు వాటంతటవే పడి లేస్తున్నాయి. వర్క్‌షాపు వారు బాడీ కంట్రోల్ మాడ్యూలు, అంటే దీపాలు, లాకులు, వైపర్ల వంటివాటిని నడిపించే చిన్న కంప్యూటరు, మార్చాలన్నారు. అది మార్చాలా, లేక ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు మార్చాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పటికి రెండూ వద్దు. ఇవన్నీ ఒకే లోపానికి లక్షణాలని వర్క్‌షాపు వారు అనుకుంటున్నట్టున్నారు. నా అంచనా వేరు. ఇందులో కనీసం మూడు విడివిడి లోపాలు ఉన్నాయి, వాటిలో ఒక్కటైనా మాడ్యూలు లోపల ఉందని ఎవరూ కొలిచి చూపలేదు. కొత్త మాడ్యూలు ఖరీదైనదే కాక, దాన్ని పెట్టాక తాళం చెవులనూ, వేరే తాళంతో ఇంజను స్టార్ట్ కాకుండా అడ్డుకునే ఇమ్మొబిలైజరునూ మళ్ళీ కోడింగు చేయాల్సి రావచ్చు. ఒకసారి కోడింగు చేసి బిగించినదాన్ని దుకాణాలవారు సాధారణంగా వెనక్కి తీసుకోరు. అంత ఖర్చు పెట్టాక అవే దీపాలు మళ్ళీ వెలిగితే ఒక కుటుంబం పడే బాధ నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కింద చెప్పే పరీక్షల్లో చాలావరకు ఒక మల్టీమీటరు, ఒక పన్నెండు వోల్టుల టెస్ట్ ల్యాంపు (మొనకు బల్బు ఉన్న పరీక్ష దీపం) ఉంటే ఇంటి ముందే చేసుకోవచ్చు.

మొదట బ్యాటరీ సంగతి తేల్చాలి. రాత్రంతా కదపని బండికి పొద్దున తాళం పెట్టకముందే బానెట్ తెరిచి రెండు టెర్మినళ్ళ మధ్య వోల్టేజి చూడండి. 12.6 లేదా ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువ కనిపిస్తే బయటి చార్జరుతో పూర్తిగా నింపిన తర్వాతే మిగతా పరీక్షలకు వెళ్ళండి, లేకపోతే వచ్చే ప్రతి అంకె మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. దిగిపోయిన బ్యాటరీకి జంపర్ కేబుల్ తగిలించి స్టార్ట్ చేసి, ఊళ్ళో ఒక అరగంట తిప్పితే నిండిపోతుందని చాలామంది నమ్మకం. నిండదు. సీసం, ఆమ్లంతో పనిచేసే ఈ బ్యాటరీలు చివరి పావు వంతు చార్జిని చాలా నెమ్మదిగా తీసుకుంటాయి, దానికి గంటల సమయం కావాలి. సగం చార్జితో రోజుల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. మీ మొదటి బ్యాటరీ బహుశా అలాగే పోయింది. మన ఎండలు ఆ నష్టాన్ని ఇంకా తొందరపెడతాయి. కాబట్టి రెండోది కూడా పోకముందే చార్జరు పెట్టించండి.

నిండిన బ్యాటరీకి మీటరు అలాగే ఉంచి, ఇంట్లో ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇంజను తిరుగుతున్నంతసేపూ వోల్టేజి 9.6 కిందికి పోకూడదు. డీజిల్ ఇంజనుకు కుదింపు ఎక్కువ కాబట్టి కొంత పడటం సహజం, పది దగ్గర నిలబడితే సంతోషించవచ్చు. ఇంజను అందుకున్నాక 13.8 నుంచి 14.7 మధ్య కనిపించాలి. ఇప్పుడు ఏసీ, బ్లోయరు పూర్తి వేగం, హెడ్‌లైట్లు, వెనుక అద్దం డీఫాగరు ఉంటే అదీ వేసి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టి చూడండి. 13.5కు తగ్గకుండా ఉంటే ఆల్టర్నేటరు, దాని బెల్టు తమ పని చేస్తున్నట్టే. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే ఆల్టర్నేటరును అదుపు చేస్తూ, బ్యాటరీ నిండినప్పుడు వోల్టేజిని కావాలని తగ్గిస్తుంది. అందువల్ల లోడు లేకుండా ఒక్కసారి తక్కువ అంకె చూసి ఆల్టర్నేటరు పోయిందని తీర్పు చెప్పకూడదు. 15 దాటి నిలిస్తే మాత్రం ఆ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరును అనుమానించాలి.

ఆల్టర్నేటరు విషయంలో ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇంకొకటి ఉంది. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగానే మీటరును ఏసీ వోల్టుల (చల్లగాలి ఏసీ కాదు, దిశ మారే కరెంటు) వైపు తిప్పి మళ్ళీ బ్యాటరీ టెర్మినళ్ళ మీద పెట్టండి. మంచి ఆల్టర్నేటరు దగ్గర చాలా చిన్న అంకె వస్తుంది. అర వోల్టు దాటితే లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఒకటి పోయిందని అర్థం. పోయిన డయోడు పగలు మాడ్యూళ్ళకు అలలు అలలుగా కరెంటు పంపి అర్థంలేని దీపాలు వెలిగిస్తుంది, రాత్రి అదే డయోడు గుండా బ్యాటరీ ఆల్టర్నేటరు చుట్టల్లోకి దిగిపోవచ్చు. అంటే మీ లక్షణాల్లో రెండింటికి ఈ ఒక్క భాగమే కారణం కాగలదు. బండి ఆపి ఎనిమిది, పది గంటలు గడిచాక ఆల్టర్నేటరు మీద చేయి పెట్టండి. పక్కనున్న ఇంజను భాగాలన్నీ చల్లబడి అదొక్కటే వెచ్చగా ఉంటే సందేహం అక్కర్లేదు.

అయితే మీరు రాసినదాన్ని బట్టి నాకు ఎక్కువ అనుమానం ఎర్తు మీద ఉంది. ఇండికేటరు కొట్టినప్పుడు దానితో సంబంధం లేని డ్యాష్‌బోర్డు వెలుగు ఊగడం దాని గుర్తు. బల్బుకు వెళ్ళే కరెంటు గురించి అందరూ ఆలోచిస్తారు, తిరిగి వచ్చే దారి గురించి ఆలోచించేవారు తక్కువ. బండి ఇనుప బాడీయే ఆ తిరుగుదారి. పది పదిహేను తీగలు ఒకే బోల్టు కింద బాడీకి బిగిస్తారు. ఆ బోల్టు కింద తుప్పు చేరితే ఆ తీగలన్నీ కలిసి ఇబ్బంది పడతాయి. లెక్క చూడండి: ఒకవైపు ఇండికేటర్లు ముందు 21 వాట్లు, వెనుక 21 వాట్లు, పక్కన 5 వాట్లు. మొత్తం దాదాపు నాలుగు ఆంపియర్లు. ఆ బోల్టు దగ్గర కేవలం పావు ఓము అడ్డంకి ఉన్నా ఇండికేటరు వెలిగిన ప్రతిసారీ అక్కడ ఒక వోల్టు పోతుంది. అదే బోల్టును పంచుకునే డ్యాష్‌బోర్డుకు, ఏబీఎస్ మాడ్యూలుకు ఆ ఒక్క వోల్టు చాలు, కరెంటు తగ్గిందని దీపం వెలిగించడానికి.

దీన్ని ఓముల పరీక్షతో పట్టుకోలేరు. ముప్పై పోగుల తీగలో ఇరవై తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా ఓము మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి చిన్నది. లోడు మీద ఉన్నప్పుడు వోల్టేజి ఎక్కడ పడుతోందో కొలవాలి. పద్ధతి తేలిక. మీటరు డీసీ వోల్టుల్లో ఉంచి, నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, క్లిప్పు మీద కాకుండా సీసపు స్తంభం మీదే గుచ్చి పెట్టండి. ఎర్ర మొనను ఇంజను బ్లాకు మీద శుభ్రమైన లోహానికి తాకించి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టు దాటితే ఇంజను ఎర్తు పట్టీ బాగాలేదు. తర్వాత ఇంజను నడుస్తూ, దీపాలన్నీ వెలుగుతూ ఉండగా ఎర్ర మొనను బాడీకి తాకించండి, ఆ తర్వాత ముందు తలుపుల పక్కన కాళ్ళ దగ్గరుండే ఎర్తు బోల్టులకు, వెనుక దీపాల దగ్గరి ఎర్తు బోల్టులకు. ప్రతిచోటా 0.1 వోల్టు లోపు ఉండాలి, 0.2 వరకు సరిపెట్టుకోవచ్చు. ఎక్కువ వస్తే నల్ల మొనను స్తంభం నుంచి క్లిప్పు మీదకు, క్లిప్పు నుంచి కేబులు చివరకు, అక్కడి నుంచి బోల్టుకు ఒక్కో అడుగు జరపండి. ఏ రెండు అడుగుల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో లోపం అక్కడే ఉంటుంది. మెకానిక్ అనుభవం మీద ఆధారపడాల్సిన పని లేకుండా దారి చూపే పరీక్ష ఇది. ఈ పరీక్ష చేయని వర్క్‌షాపు మాడ్యూలు మార్చమంటే నేను నమ్మను.

లోపం దొరికిన బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా ఇసుక కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం వాసెలిన్ పూయండి. బిగించడానికి ముందు కాదు, బిగించిన తర్వాత.

ఇక నాలుగు రోజుల్లో బ్యాటరీ దిగిపోవడం. ఆపి ఉంచిన బండి కూడా కొంత కరెంటు తీసుకుంటుంది, గడియారానికి, అలారానికి, రిమోటు తాళం వినడానికి. అది 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు, మీ బండిలాంటిదానికి వేసే 65 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు మూడు వారాలైనా నిలుస్తుంది. అదే అర ఆంపియరు పోతుంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు. మూడో రోజుకు సగానికి పైగా ఖాళీ, నాలుగో రోజు సెల్ఫ్ తిరగదు. మీ లక్షణానికి ఈ లెక్క సరిగ్గా సరిపోతోంది. కాబట్టి మనం వెతుకుతున్నది అర ఆంపియరు దరిదాపుల్లోని దొంగను.

కొలిచేటప్పుడు ఓపిక ముఖ్యం. బానెట్ తెరిచి ఉంచి, తలుపుల తాళాల గొళ్ళేలను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు నమ్మించండి. బానెట్‌కు స్విచ్చి ఉంటే దాన్నీ అలాగే చేయండి. తాళం చెవిని దూరంగా, ఇంటి లోపల పెట్టండి. నెగటివ్ కేబులు విప్పి, ఆ కేబులుకూ బ్యాటరీ స్తంభానికీ మధ్య మీటరును 10 ఆంపియర్ల అమరికలో పెట్టండి. ఈ స్థితిలో సెల్ఫ్ కొట్టినా, హెడ్‌లైట్లు వేసినా మీటరు ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. మొదట రెండు మూడు ఆంపియర్లు కనిపిస్తే కంగారు పడకండి, మాడ్యూళ్ళు మేలుకుని ఉన్నాయి. అవి ఒక్కొక్కటిగా నిద్రపోవడానికి అరగంట నుంచి ముప్పావు గంట పట్టవచ్చు. అప్పటికీ అంకె తగ్గకపోతేనే వెతుకులాట మొదలు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోవడం పాత పద్ధతి. ఫ్యూజు పీకి మళ్ళీ పెట్టగానే ఆ మాడ్యూలు మేలుకుంటుంది, మళ్ళీ అరగంట కాచుకోవాలి. దానికంటే మేలైన దారి ఉంది. చాలా ఫ్యూజుల తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. మీటరును మిల్లీవోల్టుల్లో ఉంచి ఆ రెండింటి మీదా రెండు మొనలూ పెట్టండి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా వస్తుంది. చిన్న సైజు 10 ఆంపియర్ల ఫ్యూజు మీద ఒక మిల్లీవోల్టు కనిపిస్తే దాని గుండా వంద మిల్లీఆంపియర్లకు పైగానే పోతున్నట్టు. ఫ్యూజు కదలదు, మాడ్యూలు నిద్ర చెడదు. బానెట్ కింది పెట్టె, డ్యాష్‌బోర్డు కింది పెట్టె రెండూ చూడండి.

మీ విషయంలో నేను మొదట చూసేది మాత్రం టచ్ స్క్రీను. దాన్ని బయటి దుకాణంలో వేయించానన్నారు. ఇలాంటి స్టీరియోలకు పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండే దారికి, ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే దారికి కలపాలి. తొందరలో బిగించేవారు రెండింటినీ కలిపేస్తారు. తెర చీకటిగానే కనిపిస్తుంది, లోపలి కంప్యూటరు మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటుంది. తర్వాత డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు. ఇలాంటివి నేరుగా బ్యాటరీ నుంచి తీగ లాక్కున్నవైతే ఫ్యూజు పెట్టెలో కనపడవు, బ్యాటరీ ప్లస్ క్లిప్పుకు అదనంగా తగిలించిన సన్న తీగలు ఏమున్నాయో కంటితో చూడాలి. అన్ని ఫ్యూజుల మీదా సున్నా వచ్చి మొత్తం అంకె మాత్రం తగ్గకపోతే, ముందు చెప్పిన ఆల్టర్నేటరు డయోడు గుర్తు చేసుకోండి. గ్లోవ్ బాక్సు, డిక్కీ దీపాలు మూతపడ్డాక కూడా వెలుగుతున్నాయేమో తెలియాలంటే ఫోనులో వీడియో మొదలుపెట్టి లోపల ఉంచి మూసేయండి.

వెనుక వైపరు, నంబరు ప్లేటు దీపం, కెమెరా. ఈ మూడూ వెనుక తలుపులోనే ఉన్నాయి, మూడింటి తీగలూ తలుపు పైన కీలు దగ్గరి నల్ల రబ్బరు గొట్టం గుండా వెళతాయి. ఏళ్ళ తరబడి తలుపు తెరిచి మూసిన కొద్దీ ఆ వంపులో రాగి పోగులు తెగుతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. రివర్స్ గేరులో కెమెరా వేసి ఒకరు తెర చూస్తుంటే ఇంకొకరు ఆ గొట్టాన్ని అటూ ఇటూ వంచండి, బండికి చేతి బ్రేకు వేసి ఇంజను ఆపి ఉంచి. బొమ్మ వచ్చిపోతే లోపం దొరికినట్టే. గొట్టం జరిపి ఒక్కో తీగనూ మెల్లగా లాగండి, తెగినది సాగుతుంది. మెలితిప్పి టేపు చుట్టడం మరమ్మతు కాదు. వంపుకు రెండువైపులా దూరంగా తీగను కోసి, సన్నని పోగులు ఎక్కువగా ఉండే మెత్తని తీగ ముక్కను సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. అతుకులన్నీ ఒకేచోట పడకుండా చూడండి. ఇది మాడ్యూలుతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో తేలే పని. తొడుగు పోయిన తీగలు ఒకదానికొకటి తగులుతుంటే తాళాల గోల కూడా ఇక్కడినుంచే రావచ్చు.

టెస్ట్ ల్యాంపు ఎందుకన్నానంటే, తెగిపోతున్న తీగ చివర మీటరు 12 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. అక్కడ బల్బు పెడితే మసకగా వెలుగుతుంది లేదా వెలగదు. మాడ్యూళ్ళకూ సెన్సర్లకూ వెళ్ళే తీగల మీద మాత్రం బల్బు ల్యాంపు వాడకండి, దాని కరెంటును అవి తట్టుకోలేవు.

వాన పడిన మర్నాడు లాకులు ఆడటానికి నీరే కారణమని నా నమ్మకం. ముందు సీట్ల దగ్గర కార్పెట్ ఎత్తి కింది స్పాంజిని పిండండి. పైన ఆరిపోయినా కింద తడి ఉంటుంది. వైపర్ల కింద ఆకులు చేరి నీటి దారి మూసుకుపోవడం, ముందు అద్దం మార్చినప్పుడు జిగురు సరిగ్గా పడకపోవడం, ఏసీ నీటి గొట్టం పూడిపోయి నీరు లోపలికే కారడం, ఈ మూడూ సాధారణం. గోదావరి ఒడ్డు ఉక్కపోతలో ఏసీ నుంచి కారే నీరు తక్కువేమీ కాదు. ఏసీ వేసి పది నిమిషాలు నిలిపితే బండి కింద నీటి చుక్కలు పడాలి, పడకపోతే గొట్టం చూడాలి. బ్యాటరీ నెగటివ్ విప్పి, బాడీ కంట్రోల్ మాడ్యూలు కప్లర్లు (తీగల ప్లగ్గులు) తీసి పిన్నుల మీద పచ్చని పొడి ఉందేమో చూడండి. ఉంటే కాంటాక్ట్ క్లీనరుతో కడిగి ఆరబెట్టాలి. నీరు లోపలికి రావడం ఆపకుండా కొత్త మాడ్యూలు పెడితే అదీ తడుస్తుంది.

పాతదిగా కొన్నారు కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి, అలాంటివి శుభ్రం చేసి తిరిగి అమ్మడం జరుగుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో, సీటు పట్టాల కింది బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. మునిగిన బండి అని తేలితే ప్రతి ఎర్తునూ ప్రతి కింది కప్లరునూ విప్పి చూడక తప్పదు. బయట నిలుపుతారు గనుక బానెట్ కింద ఎలుకలు కొరికిన తీగలకోసం కూడా ఒకసారి టార్చి వేయండి.

మాడ్యూళ్ళలో నమోదైన లోపాల కోడ్లను చదివే స్కానరు చివర్లో వాడండి. కోడ్లన్నీ ఫోటో తీసుకుని, చెరిపేసి, రెండు రోజులు నడిపి ఏవి తిరిగి వచ్చాయో చూడండి. చాలా మాడ్యూళ్ళలో ఒకేసారి తక్కువ వోల్టేజి కోడ్లు ఉంటే అవి బ్యాటరీ, ఎర్తుల మాటే చెబుతున్నాయి. మాడ్యూళ్ళ మధ్య సంభాషణ తెగిందనే యూ కోడ్లు వస్తుంటే, బ్యాటరీ విప్పి కొద్దిసేపు ఆగాక స్కానరు సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. 60 దగ్గర వస్తే మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగలు బాగున్నాయి. 120 వస్తే ఒక కొస తెగింది, సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ తగులుతున్నాయి. ఇవన్నీ సరిగ్గా ఉండి, మాడ్యూలుకు కరెంటూ ఎర్తూ నిండుగా అందుతూ, అప్పటికీ అది పనిచేయకపోతే అప్పుడు మార్చండి, నేను కాదనను.

పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిలో మీటరు గాని ల్యాంపు గాని గుచ్చవద్దు. ఎయిర్‌బ్యాగ్ దీపం ఒక్కటే మిగిలితే శిక్షణ ఉన్నవారికే అప్పగించండి, పిల్లలు కూర్చునే బండి అది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లిప్పు తీసి ఆల్టర్నేటరును పరీక్షించడం కొందరి అలవాటు. అలా చేస్తే ఎగిసిపడే వోల్టేజి మాడ్యూళ్ళను కాల్చేయగలదు. పోయిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది గాని తీగ ముక్క గాని పెట్టవద్దు, అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగు కాలుతుంది. ఇది హైబ్రిడ్ బండి కాదు కాబట్టి మీకు ప్రాణాంతకమైన వోల్టేజి ఉండే నారింజ రంగు కేబుళ్ళ సమస్య లేదు, హైబ్రిడ్ ఉన్నవారు ఆ కేబుళ్ళ జోలికి పోకండి.

బ్యాటరీకి పూర్తి చార్జి పెట్టించి, నాకు నాలుగు అంకెలు రాయండి: పొద్దున తాళం పెట్టకముందు వోల్టేజి, లోడు మీద ఆల్టర్నేటరు వోల్టేజి, ఇండికేటరు కొడుతుండగా డ్యాష్‌బోర్డు కింది ఎర్తు బోల్టు దగ్గర పడుతున్న వోల్టేజి, ముప్పావు గంట తర్వాత ఆపిన బండి తీసుకుంటున్న కరెంటు. వాటితో పాటు టచ్ స్క్రీను వెనుక తీగల ఫోటో, వెనుక తలుపు గొట్టం జరిపిన ఫోటో పెట్టగలిగితే ఇంకా మంచిది.